ముప్పయ్యారు పెట్టెలు

1936 వేసవికి ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టులో ఒక్క కెప్టెన్ గారి సామానే 36 పెట్టెలు. వాటి బాగోగులు చూడ్డానికి వెంట ఇద్దరు నౌకర్లు. ఆ కెప్టెన్ మా ఊరాయన.

పూసపాటి విజయానంద గజపతిరాజు. విజయనగరం కోటలో 1905 డిసెంబరు 28న పుట్టిన చిన్న కొడుకు. పెద్దాయన అలక నారాయణ గజపతి గద్దె ఎక్కారు, ఈయన కాశీలోని ఎస్టేటుకి మకాం మార్చారు. ఆటగాళ్ళకి ఈయన విజ్జీ. పత్రికలకి మహారాజ్‌కుమార్ ఆఫ్ విజయనగరం. స్కోరుకార్డు మీద అందరికీ ఇంటిపేరో సొంతపేరో ఉంటే ఈయనకి ఊరి పేరుంటుంది. అందుకని పాత టెస్టుల లెక్కలు తిరగేసినప్పుడల్లా నాకు ఒళ్ళు చచ్చిపోతుంది. లార్డ్స్‌లో విజయనగరం 19 నాటౌట్, తర్వాత 6. మాంచెస్టర్‌లో విజయనగరం 6, తర్వాత సున్నా నాటౌట్. ఓవల్‌లో విజయనగరం 1, మళ్ళీ 1. మొత్తం 33 పరుగులు, సగటు 8.25. ఊరంతా కలిసి వెళ్ళి ఆడి ఔటై వచ్చినట్టుంటుంది.

మా ఊరికి పోషించడం కొత్త కాదు. ఆనంద గజపతి కాలం నుంచీ కవులూ గాయకులూ కోట నీడనే బతికారు. విజ్జీ తండ్రి విజయరామ గజపతి 1919లో సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని ఫిడేలు పాఠం చెప్పమన్నారు. దాసుగారు కాళ్ళకి గజ్జెలు కట్టి హరికథ చెబుతుంటే రాజావారు కింద కూర్చుని వినేవారు. కథ మధ్యలో లేచి వెళ్ళి, చిడతలు ఇలా తెండి దాసుగారూ, మిగతాది నేను చెబుతాను అన్లేదు. డబ్బు తనది, పాట దాసుగారిది. ఈ సంగతి తండ్రికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కొడుక్కి చెప్పగలిగినవాళ్ళు లేకపోయారు.

పోషకుడిగా విజ్జీ చేతికి ఎముక లేదు. ఆ మాట ముందు చెప్పకపోతే పాపం తగులుతుంది. అజ్మీర్ మేయో కాలేజీలోనూ ఇంగ్లండులోనూ చదువుకుని వచ్చి, 1926లో కాశీలో సొంత మైదానం, సొంత జట్టు పెట్టుకున్నారు. 1930–31లో దేశంలో సత్యాగ్రహం నడుస్తుంటే ఇంగ్లండు జట్టు రావడం మానుకుంది. ఆ లోటు తీర్చడానికి విజ్జీ తన జట్టునే దేశమంతా, సిలోను దాకా తిప్పారు. అందులో ఆడ్డానికి ఎవర్ని తెచ్చారనుకున్నారు? జాక్ హాబ్స్‌ని, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌ని! ఆ పర్యటనలో హాబ్స్ కొట్టిన రెండు సెంచరీలని లెక్కలో వేసుకోవాలా వద్దా అని గణాంకాల వాళ్ళు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. కలిపితే ఆయన ఫస్ట్‌క్లాస్ సెంచరీలు 199, తీసేస్తే 197. వెస్టిండీస్ వీరుడు లియరీ కాన్‌స్టంటైన్‌ని కూడా రప్పించారు. ఇండోర్‌లో ఇంకా బడికి వెళ్ళే ముస్తాక్ అలీ అనే కుర్రాణ్ణి కాశీ పిలిపించి ఆట నేర్పించారు. ఢిల్లీ కోట్లా మైదానంలో వైస్రాయి విల్లింగ్డన్ పేరున పెవిలియన్ కట్టించారు. క్రికెట్ బోర్డు చేతిలో 50,000 రూపాయలు పోశారు. ఆ రోజుల్లో యాభై వేలంటే మాటలా!

అంత చేసిన మనిషికి ఒక్క కోరికే మిగిలింది. జట్టుని తానే నడిపించాలి.

మా చిన్నప్పుడు అయోధ్య మైదానంలో ఒక కుర్రాడుండేవాడు. వాడి బ్యాటు తప్ప మా గుంపులో ఇంకో బ్యాటు లేదు. దాంతో వాడే కెప్టెన్, వాడే మొదటి బ్యాటింగు. బంతి స్టంపులకి తగిలితే గాలికి పడ్డాయనేవాడు. గట్టిగా అడిగితే బ్యాటు చంకలో పెట్టుకుని ఇంటిదారి పట్టేవాడు. పక్కన బఠాణీలు అమ్ముకునే ముసలాయన ఒకాయన మా తగువంతా విని నవ్వేవాడు. "బేటు ఆడిది, బంతి ఆడిది. ఔటని ఎవులంతారు బాబూ?" ఆయన మాట విజ్జీ గురించి కాదు. చాలా ఏళ్ళ తర్వాత 1936 కథ చదివినప్పుడు మాత్రం నాకు మొదట గుర్తొచ్చింది ఆ బఠాణీల తట్టే.

1932లో కూడా జట్టుకి రాజావారే కెప్టెన్. పోరుబందరు మహారాజు. ఆయనకున్న రోల్స్‌రాయిస్ కార్లకన్నా ఆయన చేసిన పరుగులు తక్కువని జోకు. కానీ ఆ మహానుభావుడికి తన సంగతి తనకి తెలుసు. లార్డ్స్‌లో దేశపు మొదటి టెస్టు వచ్చేసరికి తాను పక్కకి తప్పుకుని సి.కె. నాయుడికి పగ్గాలిచ్చారు. నాగపూరులో స్థిరపడిన తెలుగింటి బిడ్డ సి.కె. ఆ ఏడాది ఇంగ్లండులో 1,618 పరుగులు కొట్టి విజ్డెన్ మెచ్చిన ఐదుగురిలో నిలిచాడు. సిక్సర్ కొడితే బంతి ఎక్కడ పడుతుందోనని జనం బయట రోడ్డు మీద కూడా తలలెత్తి చూసేవారట.

నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ ఇంగ్లండు ప్రయాణం వచ్చింది. కెప్టెన్‌గా అనుకున్న పటౌడీ నవాబు తప్పుకున్నారు. బోర్డులో ఓట్లు పెట్టారు. ఒకవైపు సి.కె., ఒకవైపు విజ్జీ. ఓట్లు విజ్జీకి పడ్డాయి. ఎందుకు పడ్డాయో మన ఎన్నికలు చూసేవాళ్ళకి విడమర్చి చెప్పనక్కర్లేదు. మేనేజరుగా వైస్రాయి కొలువులోని మేజర్ బ్రిటన్ జోన్స్ వెళ్ళాడు.

జట్టు మాత్రం చిన్నది కాదు. నిసార్, అమర్ సింగ్ కొత్త బంతితో దిగితే ఇంగ్లండు వాళ్ళే జంకేవారు. మర్చంట్ ఉన్నాడు, ముస్తాక్ అలీ ఉన్నాడు, బొంబాయిలో దేశానికి తొలి టెస్టు సెంచరీ కొట్టిన అమర్‌నాథ్ ఉన్నాడు. సి.కె. ఉండనే ఉన్నాడు. మద్రాసు నుంచి కోటా రామస్వామి కూడా వెళ్ళాడు. మద్రాసులో మనవాళ్ళకి క్రికెట్ అలవాటు చేసిన బుచ్చిబాబు నాయుడి కొడుకు. అప్పటికి పద్నాలుగేళ్ళ కిందటే దేశం తరఫున డేవిస్ కప్ టెన్నిస్ ఆడేసినవాడు. అంటే ఆ జట్టులో తెలుగువాళ్ళకి కొదవ లేదన్నమాట. కెప్టెనూ తెలుగే, కెప్టెన్ కావలసినవాడూ తెలుగే.

ఇంగ్లండులో విజ్జీ 600 పరుగులు చేశారు, సగటు పదహారు చిల్లర. సంపాదించుకున్న అంకె అనిపించొచ్చు గానీ అందులోనూ కొంత కొన్నదేనని చెప్పుకున్నారు. ఒక కౌంటీ కెప్టెన్‌కి బంగారు గడియారం బహుమతిగా వెళ్ళిందట. పుచ్చుకున్నాయన రెండు మూడు ఫుల్‌టాస్‌లూ లాంగ్‌హాప్‌లూ వేయించాడట గానీ, ఇంగ్లండులో రోజంతా అలా వేస్తూ కూర్చోడం కుదరదని తర్వాత చెప్పుకుని నవ్వాడట.

లోపలి సంగతి ఇంకా అన్యాయం. బ్యాటింగు వరస ఏ రోజుకా రోజు మారేది. ఫీల్డర్ని ఎక్కడ నిలబెట్టాలో బౌలర్ అడిగితే పెద్ద తప్పు. జట్టు రెండు ముక్కలైంది. ఒక ముక్క కెప్టెన్‌ని మెప్పించేది, రెండోది సి.కె.ని గౌరవించేది. ఓవల్ టెస్టుకి బకా జిలానీ అనే బౌలర్‌కి చోటు దొరికింది. పొద్దున ఫలహారాల దగ్గర అందరి ముందూ సి.కె.ని అవమానించినందుకు బహుమానంగా వచ్చిందని జట్టులో వాళ్ళే చెప్పుకున్నారు. ఇడ్లీ చట్నీల మీద నడిచే ఊరి రాజకీయం గుడ్లూ రొట్టెల మీదికి మారిందంతే.

జూన్ మూడో వారం. లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్ మీద మ్యాచ్. అమర్‌నాథ్ అప్పటికి ఆ టూర్‌లో 613 పరుగులు, 32 వికెట్లతో ఉన్నాడు. ఎసెక్స్ మీద ఒకే మ్యాచ్‌లో రెండు సెంచరీలు బాదాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, నోరూ చురుకే. వెన్ను నొప్పిగా ఉందంటే విశ్రాంతి ఇవ్వలేదు. ప్యాడ్లు కట్టుకో అన్నారు. కట్టుకున్నాడు. వికెట్ పడింది, వేరేవాణ్ణి పంపారు. ఇంకోటి పడింది, మళ్ళీ వేరేవాడు. బూట్లు, ప్యాడ్లు, గ్లవ్స్ అన్నీ తొడుక్కుని కూర్చున్న మనిషి పక్కనుంచి ఒక్కొక్కరే లేచి మెట్లు దిగి వెళ్తున్నారు. పెవిలియన్ బయట ఎండ వాలిపోయింది. ఆట ముగియడానికి కాసేపుందనగా వెళ్ళమన్నారు. వెళ్ళి, ఉన్న కాసేపూ నిలబడి, తిరిగొచ్చి ప్యాడ్లు విప్పి విసిరికొట్టాడు. పంజాబీలో నాలుగు మాటలన్నాడు. ఇక్కడ ఏం నడుస్తోందో నాకు తెలీదనుకోకండి అన్నది వాటి సారం.

రాజుగారి ఎదుట ఆ గొంతు పనికిరాదు. మర్నాడు పిలిచి, నువ్వు ఇంటికెళ్ళు అన్నారు. సి.కె., వజీర్ అలీ లాంటి పెద్దలు వెళ్ళి బతిమాలారు. కుర్రాడు క్షమాపణ రాసిచ్చాడు. మేజర్ గారు కరగలేదు, విజ్జీ గారు కరగలేదు. దేశానికి తొలి సెంచరీ కొట్టినవాణ్ణి ఓడెక్కించి పంపేశారు.

వారం దాటిందో లేదో అదే లార్డ్స్‌లో మొదటి టెస్టు. భారత్ 147. ఇంగ్లండు బ్యాటింగుకి దిగితే అమర్ సింగ్ బంతి తడి నేల మీద పాములా లేచింది. 35 పరుగులకి 6 వికెట్లు. ఇంగ్లండు 134కే ఆలౌట్. ఇంగ్లండు గడ్డ మీద ఇంగ్లండు కంటే 13 పరుగులు ముందు! ఆ పూట జట్టులో ఒక మంచి బ్యాట్స్‌మన్ ఎక్కువుంటే ఎలా ఉండేదో నేను చాలాసార్లు ఊహించుకున్నాను. ఉండాల్సినవాడు సముద్రం మీద ఉన్నాడు. రెండో ఇన్నింగ్స్‌లో 93 పరుగులకి మనవాళ్ళు కుప్పకూలారు. గబ్బీ ఎలెన్ మ్యాచ్‌లో పది వికెట్లు తీశాడు. ఒక వికెట్ పోగొట్టుకుని ఇంగ్లండు గెలిచింది.

జూలైలో విజ్జీ గారికి సర్ బిరుదు వచ్చింది. టూరు నడుస్తుండగానే. ఇక్కడ మా ఊరివాణ్ణిగా నాకొక తారీఖు అడ్డం పడుతుంది. 1794 జూలై 10. మా జిల్లా పక్కనే పద్మనాభం కొండ కింద పూసపాటి చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి చచ్చిపోయిన రోజు. 142 ఏళ్ళ తర్వాత అదే నెలలో ఆ ఇంటి చిన్నబాబు ఆ దొరల దగ్గర బిరుదు పుచ్చుకున్నారు. నిజమే, ఆ కాలంలో జమీందార్లందరూ పుచ్చుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది ఈయన దాన్ని వదిలేశారు కూడా. ఆ మాటా రాసి పెడుతున్నాను.

మాంచెస్టర్ టెస్టు ఈ కథలో ఒక్క వెలుగు. భారత్ మొదట 203. ఇంగ్లండు 8 వికెట్లకి 571 కొట్టి డిక్లేర్ చేసింది. రెండో రోజు సాయంత్రం మర్చంట్, ముస్తాక్ అలీ దిగారు. దిగే ముందు కెప్టెన్ ముస్తాక్‌ని పక్కకి పిలిచి, మర్చంట్‌ని రనౌట్ చేయమన్నారని ముస్తాకే తర్వాత చెప్పుకున్నాడు. ఆ కుర్రాడు క్రీజులోకి వెళ్ళి ఆ సంగతి మర్చంట్‌కే చెప్పేశాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుకుని 203 పరుగుల భాగస్వామ్యం కట్టారు. ముస్తాక్ 112. విదేశంలో భారతీయుడి తొలి టెస్టు సెంచరీ అది. మర్చంట్ 114. ఆ ఒక్క రోజులో రెండు జట్లూ కలిసి కొట్టిన పరుగులు 588. టెస్టుల్లో ఒక రోజున అన్ని పరుగులు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. కాశీలో తాను అన్నం పెట్టి ఆట నేర్పించిన కుర్రాడు తన మాట దాటి ఆడిన రోజే విజ్జీ పెట్టిన ఖర్చుకి అసలైన ఫలం దక్కిన రోజు.

అదే టెస్టులో నలభై ఏళ్ళ రామస్వామి తొలిసారి దేశానికి ఆడాడు. 40, 60. ఓవల్‌లో 29, 41 నాటౌట్. రెండే టెస్టులు, సగటు 56.66. మూడో టెస్టు రాలేదు.

ఓవల్‌లో హామండ్ 217 కొట్టాడు. ఇంగ్లండు 471. మనవాళ్ళు 222కి ఔటై ఫాలోఆన్ పడ్డారు. సి.కె. నాయుడికీ అప్పటికే నలభై నిండాయి. ఎలెన్ విసిరిన బంతి వచ్చి ఛాతీ కింద పక్కటెముకలకి తగిలింది. చూసేవాళ్ళు ఇక లేవడనుకున్నారు. లేచాడు. పట్టుకోడానికి వచ్చినవాళ్ళని పొమ్మని, బ్యాటు సవరించుకుని మళ్ళీ గార్డు తీసుకున్నాడు. 81 పరుగులు. ఎవరి కింద ఆడుతున్నాడో, ఆ కెప్టెన్ అదే స్కోరుకార్డులో ఒకటీ ఒకటీ. ఇంగ్లండు తొమ్మిది వికెట్లతో గెలిచింది. ఆగస్టు 18న ఆట ముగిసింది. మొత్తం టూర్‌లో 28 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు, నాలుగు గెలుపులు, పన్నెండు ఓటములు.

తిరిగొచ్చాక బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమంట్ విచారణ జరిపాడు. 1937 జనవరిలో నివేదిక వచ్చింది. కెప్టెన్‌కి ఫీల్డింగు అమరికా, బౌలింగు మార్పులూ తెలియవనీ, బ్యాటింగుకి ఒక వరసంటూ పాటించలేదనీ రాశాడు. అమర్‌నాథ్ తప్పులేదని తేల్చాడు. తీర్పు బాగానే ఉంది. కాలం ఎవరు తిరిగిస్తారు? మూడేళ్ళు తిరక్కుండా యుద్ధం వచ్చింది. పదేళ్ళ పాటు దేశానికి టెస్టే లేదు. మళ్ళీ ఆడింది 1946 జూన్‌లో, లార్డ్స్‌లోనే. అమర్‌నాథ్ అక్కడే అయిదు వికెట్లు తీశాడు. అప్పటికి వాడు కుర్రాడు కాడు, ముప్పై నాలుగేళ్ళ మనిషి.

వాడైనా తిరిగొచ్చాడు. అమర్ సింగ్ 1940లో జామ్‌నగర్‌లో న్యుమోనియాతో పోయాడు, ఇరవై తొమ్మిదేళ్ళకి. ఆ ఫలహారాల బల్ల దగ్గర నోరు జారిన జిలానీ ఆ మరుసటేడే మేడ మీంచి పడి పోయాడు. ఆయనకీ ముప్పై నిండలేదు. నిసార్‌కి ఓవలే ఆఖరి టెస్టు. దేశం రెండైనప్పుడు లాహోరు వైపు ఉండిపోయాడు. సి.కె.కీ అదే ఆఖరి టెస్టు, పక్కటెముక మీద దెబ్బతో. ఇంకో టూరు ఉందిలే అనుకుని ఆడే ఆట వేరు. వీళ్ళకి దొరికిన ఆ ఒక్క వేసవీ ఒకాయన సరదాకి ఖర్చయిపోయింది. రామస్వామి చాలా కాలం బతికాడు. 1985లో, ఎనభై తొమ్మిదో ఏట, మద్రాసులో ఇంటి నుంచి బయటికి వెళ్ళి మళ్ళీ కనబడలేదు. చనిపోయినట్టు భావించి విజ్డెన్ మృతుల జాబితాలో పేరెక్కించింది.

విజ్జీ మాత్రం కూలిపోలేదు. 1954లో బోర్డు అధ్యక్షుడయ్యారు. అదే ఏడాది పాకిస్తాన్ వెళ్ళిన జట్టుకి మేనేజర్ ఎవరనుకున్నారు? అమర్‌నాథ్. తర్వాత పద్మభూషణ్ వచ్చింది, విశాఖపట్నం నుంచి పార్లమెంటుకి వెళ్ళారు, రేడియోలో కామెంటరీ చెప్పారు. 1965 డిసెంబరులో కాశీలో కన్నుమూశారు. ఇప్పుడు యూనివర్సిటీ కుర్రాళ్ళు ఆయన పేరు మీదున్న ట్రోఫీకి ఆడతారు. మా ఊళ్ళో స్టేడియం కూడా ఆయన పేరే. పొద్దున్నే అక్కడ పరుగులు తీసే పిల్లల్ని విజ్జీ ఎవరని అడిగితే రాజుగారంటారు. అదీ నిజమే.

ఇంకొక్క సంగతి ఉంది. సి.కె. నాయుడు యాభై ఎనిమిదో ఏట, 1953–54లో, రంజీలో తొలిసారి అడుగుపెట్టిన ఆంధ్ర జట్టుకి కెప్టెన్‌గా వచ్చాడు. ఆ తర్వాత 1956–57లో ఉత్తరప్రదేశ్ జట్టుని నడిపించమని కాశీ నుంచి కబురొచ్చింది. కబురు పెట్టింది విజ్జీ. సి.కె.కి అరవై ఒకటి. ఓవల్ దెబ్బకి ఇరవై ఏళ్ళు నిండాయి. వెళ్ళాడు. రాజస్థాన్ మీద 84 పరుగులు కొట్టాడు. ఈసారి జట్టులో విజ్జీ లేరు.